సవ్తా బిస్కెట్ డబ్బా: కాగితం ఆగుతుంది, మనిషి ఆగదు

ప్రశ్న: సార్, మాది నిజామాబాద్ జిల్లా. మా అమ్మ ఇప్పటికీ బీడీలు చేస్తుంది. నేను ఆరేళ్లుగా ఇజ్రాయెల్‌లో, రమత్ గన్‌లో కేర్‌గివర్‌గా పని చేస్తున్నాను. నేను చూసుకునే పెద్దావిడకు 92 ఏళ్లు. బుడాపెస్ట్‌లో పుట్టింది. నేను ఆమెను ఇక్కడి వాళ్లలాగే ‘సవ్తా’ అంటాను, మా బాపమ్మను పిలిచినట్టే. ఆమె దగ్గర ఒక పాత బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. అందులో ఒక నలభై కార్డులు, ఉత్తరాలు, కొన్ని ఫొటోలు, ఒక పసుపు నక్షత్రం గుడ్డ ఉన్నాయి. ఒక బొత్తాం, ఏదో మిఠాయి చుట్టిన కాగితం లాంటి చెత్త కూడా ఉంది. కార్డులు ఎక్కువగా వాళ్ల నాన్న యుద్ధంలో రాసినవట. చిరిగిన చోట ఎప్పుడో టేపు అంటించారు. వాళ్ల పిన్ని రాసిన కార్డు ఒకటి ఉంది, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు. దాని మీద ‘వాల్డ్‌జే’ అని ఊరి పేరు ఉంది. అది ఎక్కడుందని అడిగితే ముఖం తిప్పుకుంది. రాత్రిళ్లు నిద్ర పట్టక డబ్బా తెరిపించుకుని చెబుతూ ఉంటుంది. హీబ్రూలో మొదలుపెట్టి హంగేరియన్‌లోకి వెళ్లిపోతుంది, నాకు సగం అర్థం కాదు. మూడుసార్లు ఆమెకు చెప్పకుండా ఫోన్‌లో రికార్డు చేశాను. కొడుకుకు ఇవేవీ పట్టవు. రెండు నెలల్లో ఫ్లాటు ఖాళీ చేసి ఆమెను హోమ్‌కు మారుస్తారు. ‘నువ్వే ఉంచుకో, వాడు పారేస్తాడు’ అంటోంది. వీటిని లామినేషన్ చేయించి ఇండియాకు తెచ్చుకోవచ్చా? గుడ్డ ఉతకొచ్చా? నేను చేస్తున్నది తప్పేమో అని టెన్షన్‌గా ఉంది.
— ఒక చెల్లెలు, రమత్ గన్

సమాధానం: చెల్లెమ్మా, తప్పేమీ చెయ్యలేదు. రికార్డింగు సంగతి మాత్రం ఆమెకు చెప్పి సరిచేసుకోవాలి, దాని దగ్గరికి వస్తాను. లామినేషన్ వద్దు. గుడ్డ ఉతకొద్దు. ఇండియాకు తేవొద్దు.

ఈ మూడింటికీ కారణాలు ఉన్నాయి గానీ, నీ ఉత్తరం చదివాక నాకు తొందర అనిపించింది వాటి గురించి కాదు. ఆ కాగితాలు ఎనభై ఏళ్లు ఆగాయి, ఇంకో ఆరు నెలలు కూడా ఆగుతాయి. 92 ఏళ్ల మనిషి ఆగుతుందని అనుకోలేం. కాబట్టి మొదట ఒక వంద పేజీల నోటుబుక్కు కొనుక్కో. డబ్బాలోని ఒక్కో కాగితానికీ ఒక్కో పేజీ. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఫొటోలో ఎడమ పక్క నిలబడింది ఎవరు, ఇవన్నీ సవ్తా ఎప్పుడు ఏది చెబితే అది అప్పుడే రాసుకో. తెలుగులోనే రాయి. హంగేరియన్ ఉత్తరాలకు తెలుగులో నోట్సు అంటే రేపు దాన్ని చూసే ఆర్కైవ్ వాళ్లు కాసేపు బుర్ర గోక్కుంటారు, గోక్కోనీ. తెలుగు చదివేవాళ్లు దొరుకుతారు. సవ్తా నాన్నగారి పక్కన ఉన్న గళ్ల చొక్కా ఆయన ఎవరో చెప్పగలిగినవాళ్లు మాత్రం ఈ భూమ్మీద ఇప్పుడు ఒక్కరే ఉన్నారు, ఆవిడ రోజూ నీ చేతి టీ తాగుతోంది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో అర్థం కావాలంటే ఆ పిన్ని కార్డు గురించి తెలియాలి. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇది ఆమె ముందు ఎత్తకు.

1944 మార్చి 19న జర్మన్ సైన్యం హంగేరీలోకి వచ్చింది. ఆ మే 15 నుంచి జూలై 9 దాకా, అంటే రెండు నెలలు కూడా నిండకుండా, దాదాపు 4,37,000 మంది యూదులను రైళ్లలో తరలించారు. దాదాపు అందరినీ పోలండ్‌లో నాజీలు నడిపిన ఆష్విట్జ్ చావు శిబిరానికే. ఎక్కువమందిని దిగిన రోజే గ్యాస్ గదుల్లో చంపేశారు. ముందుగా ఖాళీ చేసింది జిల్లాల్లోని ఊళ్లనీ చిన్న పట్టణాలనీ. రాజధాని బుడాపెస్ట్ వంతు చివరికి పెట్టుకున్నారు. మరి బుడాపెస్ట్‌లో ఉన్నవాళ్లకు ఊళ్లలోని అక్కచెల్లెళ్లు ఏమయ్యారో తెలిస్తే ఊరుకుంటారా? దాక్కుంటారు, ఎదురుతిరుగుతారు. అందుకని శిబిరానికి చేరినవాళ్ల చేతికి కార్డులిచ్చి రాయించారు. నేను బాగున్నాను, పని చేసుకుంటున్నాను అని రెండు మూడు ముక్కలు. ఊరు పేరు ‘వాల్డ్‌జే’ అని వేయమన్నారు. జర్మన్‌లో ఆ మాటకు అడవి చెరువు అని అర్థం. వింటే ఎండాకాలం సెలవులకు వెళ్లే చోటులా ఉంటుంది. ఆ రైళ్లు వెళ్లిన వాల్డ్‌జే అనే ఊరు ఎక్కడా లేదు. ఆ కార్డులు బుడాపెస్ట్‌లోని యూదు సంఘం ద్వారా బంధువులకు అందాయి. రాసినవాళ్లలో చాలామంది అవి చేరేసరికే బతికి లేరు.

ఇప్పుడు ఆలోచించు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో ఆ డబ్బా తెరుస్తారు. కార్డు శుభ్రంగా ఉంటుంది, అక్షరాలు చెక్కుచెదరవు, తారీఖు కూడా ఉంటుంది. చదివినవాళ్లు ‘పిన్ని 1944 వేసవిలో ఏదో చెరువు ఒడ్డున క్షేమంగా ఉంది’ అనుకుని పక్కన పెడతారు. కాగితాన్ని ఎంత బాగా కాపాడితే అబద్ధం అంత బాగా నిలబడుతుంది. ఆ కార్డులోని నిజం కార్డు మీద లేదు, నీ సవ్తా తిప్పుకున్న ముఖంలో ఉంది. ఆమె చెప్పకపోయినా ఫరవాలేదు. ‘ఈ కార్డు గురించి అడిగితే మాట్లాడలేదు, ముఖం తిప్పుకుంది’ అని తారీఖు వేసి నోటుబుక్కులో రాయి. అది కూడా సాక్ష్యమే.

నాన్నగారి కార్డుల విషయం వేరు. హంగేరీలో యూదు మగవాళ్లకు తుపాకీ ఇవ్వకుండా, సైన్యం కింద కూలి దళాల్లో పని చేయించారు. 1942లో వేలమందిని తూర్పు యుద్ధరంగానికి, ఉక్రెయిన్ వైపు పంపారు. కందకాలు తవ్వడం, మందుపాతరలు ఏరడం లాంటి పనులకు. 1943 జనవరిలో డాన్ నది దగ్గర హంగేరీ రెండో సైన్యం చితికిపోయింది, ఆ చలిలో కూలి దళాల వాళ్లూ లెక్కలేనంతమంది పోయారు. ఆయన కార్డుల మీద ఊరి పేరు ఉండదు, సైనిక తపాలా నంబరు మాత్రం ఉంటుంది. ఎక్కడి నుంచి రాస్తున్నామో చెప్పనిచ్చేవారు కాదు. ఆ నంబరును పట్టుకుని ఆయన ఏ దళంలో ఉన్నాడో చరిత్రకారులు వెతుకుతారు. కాబట్టి తపాలా ముద్రలు, సెన్సారు ముద్రలు, అంచున ఎవరో గీసిన నీలం గీత, అన్నీ కావాలి. కవర్లు ఉంటే పారేయొద్దు, స్టాంపులు ఊడదీయొద్దు. ఆఖరి కార్డు ఏ నెలలో ఆగిపోయిందో చూసి రాసుకో.

ఇక లామినేషన్. మనవాళ్లకు ఇదొక పిచ్చి. టెన్త్ మెమో చేతికి రాగానే సాయంత్రానికి జిరాక్స్ షాపులో ప్లాస్టిక్ అయిపోతుంది. నేనూ అదే చేశాను. మా నాన్న హాస్టల్ నుంచి మా తాతకు రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది, దాన్ని భద్రం చేస్తున్నానని మురిసిపోతూ 1991లో లామినేషన్ చేయించాను. పదిహేనేళ్లకు ప్లాస్టిక్ లోపల కాగితం టీ డికాక్షన్ రంగుకు తిరిగింది, మూలల్లో బుడగలు లేచాయి. ఇప్పుడు విడదీయాలంటే కాగితమే ఊడొస్తుంది. ముప్పై ఏళ్లు పాత కాగితాలతో బతికిన నేను, మా ఇంటి కాగితాన్నే చంపుకున్నాను. అసలు సంగతేమంటే, యుద్ధకాలపు కాగితం ఎక్కువగా చెక్క గుజ్జుతో చేసిన నాసిరకం సరుకు. దానిలోనే ఆమ్లం ఉంటుంది, అదే దాన్ని తింటుంది. వేడి పెట్టి ప్లాస్టిక్‌లో మూసేస్తే ఆమ్లాన్ని లోపల పెట్టి తాళం వేసినట్టే. పైగా ఒకసారి చేశాక వెనక్కి తీసుకోలేం. ఈ పనిలో మాకున్న సూత్రం ఒక్కటే, రేపు ఎవరైనా విప్పలేని పని ఈరోజు చెయ్యకూడదు.

పాత టేపుల జోలికి వెళ్లకు. పసుపుగా మారి, అంచులు లేచి, లాగితే వచ్చేస్తుందేమో అనిపిస్తుంది. టేపుతోపాటు అక్షరమూ వస్తుంది. దానికి మందులున్నాయి, చేసేవాళ్లున్నారు. కొత్త టేపు అసలే వద్దు. గుండుసూదులు, క్లిప్పులు తుప్పు పట్టి ఉంటే అలాగే వదిలెయ్, సులువుగా జారిపోయేవి మాత్రం తీసి ఏ కాగితానిదో రాసిపెట్టు.

మీ అమ్మ బీడీలు చేస్తుందన్నావు కదా, అందుకే ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఎండిన తునికాకును తడిపి, తడిగుడ్డలో చుట్టి మెత్తబరచడం మీ చేతులకు పుట్టుకతో వచ్చిన విద్య. పెళుసుగా మడతలు పడ్డ కార్డును చూస్తే కాస్త నీళ్లు చిలకరించి సాపు చేద్దామని చెయ్యి దానంతటదే వెళ్తుంది. వెళ్లనివ్వకు. ఆ రోజుల్లో సిపాయిలూ కూలి దళాల వాళ్లూ కాపీయింగ్ పెన్సిల్ బాగా వాడేవారు. పొడిగా ఉన్నప్పుడు మామూలు పెన్సిల్ రాతలా బూడిదరంగులో కనిపిస్తుంది. తడి తగిలితే ఊదారంగు సిరాగా మారి పాకిపోతుంది. కార్డుల మీద ఎక్కడైనా ఊదా మచ్చ కనిపిస్తోందా? అక్కడ ఎప్పుడో ఒక చుక్క పడిందన్నమాట. అది వానో, చెమటో, కన్నీళ్లో మనకు తెలియదు, ఊహించి రాయకు. మచ్చ ఉందని మాత్రం రాయి.

గుడ్డ విషయానికి వస్తే, మంచి మనసుతో అడిగావని తెలుసు. ఆరేళ్లుగా ఆమె బట్టలు ఉతుకుతున్నావు, మురికిగా ఉన్నది చూస్తే ఉతకాలనే అనిపిస్తుంది. కానీ హంగేరీలో 1944 ఏప్రిల్ 5 నుంచి ఆరేళ్లు దాటిన ప్రతి యూదు మనిషీ కోటు మీద ఎడమ రొమ్ము దగ్గర పది సెంటీమీటర్ల పసుపు నక్షత్రం కుట్టుకోవాలని ఆజ్ఞ వచ్చింది. నీ సవ్తాకు అప్పుడు పదో పదకొండో ఏళ్లు. ఆ నక్షత్రం అంచున దారపు పోగులు వేలాడుతుంటే కత్తిరించకు. వాళ్లమ్మ కుట్టిన కుట్లయి ఉండొచ్చు, ఆ నక్షత్రాన్ని పీకేసిన రోజు తెగిన పోగులూ అయి ఉండొచ్చు. మురికి కూడా ఆ సంవత్సరానిదే. ఇస్త్రీ కూడా వద్దు. మడత పెట్టకుండా తెల్లటి నూలు గుడ్డ మధ్యలో పరిచి పెట్టు.

రేకు డబ్బా మంచిదేనా అని నువ్వు అడగలేదు గానీ, దానికో కథ ఉంది. పోలండ్ రాజధాని వార్సాలో యూదులను గోడల మధ్య బంధించిన పేట ఉండేది, ఘెట్టో అంటారు. అక్కడ ఎమ్మాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్ అనే చరిత్రకారుడు 1940లో ఒక రహస్య బృందాన్ని కూడగట్టాడు. శనివారాలు కలిసేవారు, అందుకే ‘ఓనెగ్ షబ్బత్’ అని పేరు. షబ్బత్ అంటే యూదుల శనివారపు విశ్రాంతి రోజు, ఆ రోజు ఆనందం అని అర్థం, నీకు ఆ మాట కొత్త కాదు. ఘెట్టోలో జరుగుతున్నదంతా తామే రాసి, సేకరించి, భూమిలో పాతిపెట్టారు. 1942 ఆగస్టులో పది రేకు పెట్టెల్లో కొన్ని, 1943 ఫిబ్రవరిలో రెండు పెద్ద పాల క్యాన్లలో కొన్ని. రింగెల్‌బ్లుమ్‌ను 1944 మార్చిలో చంపేశారు. బృందంలో యుద్ధం దాటి బతికింది ముగ్గురే. వాళ్లకు గుర్తున్న జాడను బట్టి 1946 సెప్టెంబరులో శిథిలాల కింద తవ్వితే రేకు పెట్టెలు దొరికాయి. వాటికి సరిగ్గా మూత అతకలేదు, నీళ్లు పోయి కాగితాలు ముద్దయిపోయాయి. 1950 డిసెంబరులో దొరికిన పాల క్యాన్లలోవి చాలా మెరుగ్గా ఉన్నాయి. మూడోసారి పాతిన మూట ఇప్పటికీ దొరకలేదు. మొత్తం 35,000 పేజీల దాకా వార్సాలోని యూదు చరిత్ర సంస్థలో ఉన్నాయి.

నీ బిస్కెట్ డబ్బాకు తుప్పు పట్టకపోతే తొందరపడి మార్చక్కర్లేదు. నేల మీద పెట్టకు, వంటగదిలో, బాత్రూమ్ గోడకు ఆనించి పెట్టకు. ఇంట్లో మామాద్ ఉంటే, అంటే సైరన్ మోగినప్పుడు దూరే ఆ గట్టి గది, అందులో బీరువా మధ్య అర మంచి చోటు. చీకటిగా ఉంటుంది, నీళ్ల పైపులకు దూరం. మనిషికి హాయిగా ఉన్న గదే కాగితానికీ హాయి. కాగితాల మధ్య మామూలు తెల్ల ఏ4 కాగితం వేయొచ్చు, యాసిడ్-ఫ్రీ ఫోల్డర్లు దొరికితే ఇంకా మంచిది. న్యూస్‌పేపరు మాత్రం వేయకు. మనం ట్రంకు పెట్టెల్లో వేసే వేపాకు, కర్పూరం, నాఫ్తలిన్ ఉండలు కూడా వద్దు. తాళపత్రాలకు పసుపు పూసిన చేతులు మనవి, నిజమే. ఆ వైద్యం ఈ రోగానికి కాదు.

ఫొటోలు తీయడానికి ఒక ఆదివారం చాలు. ముందు మూత తీయగానే డబ్బా లోపలిది ఉన్నదున్నట్టు ఒక ఫొటో. తర్వాత ఒక్కో వరుస తీసేకొద్దీ ఒక్కోటి. ఏది దేని మీద ఉందో, ఏది దేనిలో మడిచి ఉందో అన్నది ఆమె ఎనభై ఏళ్లలో పెట్టుకున్న వరస, దాన్ని నువ్వు తారీఖుల ప్రకారం సర్దితే మళ్లీ రాదు. చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టుకో, క్రీములు రాసుకోకు. కాగితాలకు గ్లౌజులు అక్కర్లేదు, వేళ్లకు పట్టు తప్పి చిరుగుతాయి. ఫొటోలు పట్టుకునేటప్పుడు వేసుకో. కిటికీ పక్కన నీడ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ముందూ వెనకా రెండు వైపులా తియ్యి. ఖాళీగా ఉన్న వెనక వైపు కూడా. కాగితం మీద నంబరు వేయకు, మధ్యలో వేసిన ఏ4 కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో వేసి, అదే నంబరు నోటుబుక్కులో వెయ్యి. ఆ ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి కొడుకు దగ్గర, ఒకటి ఆన్‌లైన్‌లో. సైరన్లు మోగే ఊళ్లో ఉన్నావు, ఒక్క ఫోన్‌ను నమ్ముకోకు.

ఇప్పుడు రికార్డింగులు. ఆమెకు చెప్పు. ‘సవ్తా, నువ్వు చెప్పింది మర్చిపోకూడదని ఫోన్‌లో పెట్టుకున్నాను, ఉంచనా, తీసెయ్యనా?’ అని అడుగు. తీసెయ్ అంటే ఆమె ముందే తీసెయ్. ఉంచు అంటే, ఆ ఉంచమన్న మాట కూడా రికార్డు చెయ్యి. ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో పెట్టడం అన్నది నీ చేతిలో లేదు, నాకైతే ఆ ఆలోచనే నచ్చదు.

అర్థం కాని హంగేరియన్ గురించి బెంగపడకు. వయసు మీదపడ్డాక, ముఖ్యంగా మతిమరుపు మొదలయ్యాక, చాలామంది చిన్ననాటి భాషలోకి వెళ్లిపోతారు. మీ తోటి కేర్‌గివర్లను అడుగు, చెబుతారు. ఆమెను హీబ్రూలోకి లాగొద్దు. 1946లో డేవిడ్ బోడర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ అమెరికా నుంచి ఐరోపా వచ్చి, ఉక్కు తీగ మీద శబ్దం పట్టే యంత్రంతో బతికి బయటపడ్డవాళ్ల మాటలు రికార్డు చేశాడు. నూట ముప్పైమంది దాకా, ఎవరికి వచ్చిన భాషలో వాళ్లను మాట్లాడనిచ్చాడు. పాటలు కూడా పాడించాడు. ఆ తర్వాత వాటిని అనువదించుకుంటూ ఏళ్లు గడిపాడు. ఆయన దగ్గర నువ్వు నేర్చుకోవాల్సింది ఒకటుంది. రికార్డింగు మొదట్లో ఊరూ తారీఖూ చెప్పేవాడు. నువ్వూ ఫోన్ నొక్కగానే తారీఖు, రమత్ గన్, గదిలో ఎవరెవరున్నారో తెలుగులో చెప్పెయ్. తర్వాత నోరు మూసుకో. ‘అప్పుడు నీకెలా అనిపించింది’ అని టీవీ వాళ్లలా అడగకు. ఇల్లు గురించి అడుగు. 1944 జూన్‌లో బుడాపెస్ట్ యూదులను నక్షత్రం గుర్తు పెట్టిన సుమారు రెండు వేల ఇళ్లలోకి కుక్కారు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. ‘ఆ ఇంట్లో ఎంతమంది పడుకునేవాళ్లు? పొయ్యి ఎవరిది? నీ పక్క ఎక్కడ?’ ఇలాంటి వాటికి జవాబులొస్తాయి. జవాబు రాకపోతే ఊరుకో. ఏడిస్తే ఆపేసి చెయ్యి పట్టుకో, రికార్డింగు కోసం ఆమె నిద్ర పాడుచెయ్యకు. నీ నిద్ర కూడా.

తారీఖులు తప్పు చెబుతుంది. సరిదిద్దకు. అమెరికాలో యేల్ యూనివర్సిటీకి చేరిన వీడియో సాక్ష్యాల సేకరణను 1979లో మొదలుపెట్టినవాళ్లలో డోరి లాబ్ ఒకరు, ఆయనే చిన్నప్పుడు శిబిరం చూసినవాడు. ఆయన చెప్పిన సంఘటన ఒకటి ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆష్విట్జ్‌లో 1944 అక్టోబరులో ఖైదీలు తిరగబడ్డారు. దాన్ని కళ్లారా చూసిన ఒకావిడ నాలుగు చిమ్నీలు పేలి మండిపోయాయని చెప్పింది. నిజానికి పేలింది ఒకటి. లెక్క తప్పింది కాబట్టి ఈ సాక్ష్యం నమ్మడానికి లేదన్నారు చరిత్రకారులు. లాబ్ ఒప్పుకోలేదు. అక్కడ తిరుగుబాటు అనేది జరగగలదని ఎవరూ ఊహించని చోట అది జరిగింది, ఆవిడ చెబుతున్నది దాన్ని, అన్నాడు. ఆయన వాదనతో అందరూ ఏకీభవించరు, నాకూ లెక్కలు ముఖ్యమే. కానీ లెక్క చూడటానికి పుస్తకాలున్నాయి. సవ్తా నవంబరును మార్చి అంటే నువ్వు మార్చి అనే రాసుకో.

ఇంకో పని. ఆ ఇంట్లో పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు ఏమైనా ఉన్నాయేమో బీరువా పై అరలు వెతుకు. సినిమా దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1994లో మొదలుపెట్టిన షోవా ఫౌండేషన్ ఐదేళ్లలో, బతికి బయటపడ్డవాళ్లవి యాభై వేలకు పైగా సాక్ష్యాలు వీడియో తీసింది, ఇజ్రాయెల్‌లో కూడా ఎన్నో తీశారు. సాక్ష్యం చెప్పిన ప్రతి ఒక్కరికీ ఒక కాపీ క్యాసెట్ ఇచ్చేవారు. అప్పుడు ఆమెకు అరవై దాటి ఉంటాయి, జ్ఞాపకం గట్టిగా ఉన్న వయసు. అలాంటిది ఒకటి దొరికితే నీ పని సగం అయిపోయినట్టే. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో ఎవరూ దాన్ని పెట్టి చూసి ఉండకపోవచ్చు.

అన్నిటికంటే చిక్కు విషయం, ‘నువ్వే ఉంచుకో’ అన్న మాట. ఆమె ప్రేమతో అంది. నువ్వు తీసుకోకు. ఇలాంటి కార్డులకు వేలంపాటల్లో ధర ఉంది, ముఖ్యంగా ఆ వాల్డ్‌జే కార్డులాంటివి స్టాంపులు సేకరించేవాళ్లు వెతుక్కుంటారు. రేపు ఎవరైనా ‘పనిమనిషి పట్టుకుపోయింది’ అన్నారంటే నీ ఆరేళ్ల సేవ గాలికి పోతుంది. అదీగాక, నువ్వు వాటిని మీ ఊరికి తెచ్చావే అనుకో. వానాకాలం చెమ్మ, చెదలు, కాగితం తినే పురుగులు సరే. హంగేరియన్ చదివేవాడు నిజామాబాద్ జిల్లాకు ఎప్పుడొస్తాడు? వాళ్ల మునిమనవరాలు వెతుక్కుంటూ ఎక్కడికి రావాలి?

ఆమెకు ఇష్టమైతే ఇవ్వదగ్గ చోట్లు దగ్గర్లోనే ఉన్నాయి. జెరూసలేంలో నాజీలు చంపిన యూదుల స్మారక సంస్థ యాద్ వాషెమ్ 2011 నుంచి ఇళ్లలో మిగిలిన ఇలాంటి కాగితాలూ వస్తువులూ సేకరిస్తోంది. ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో చెబుతారు. ఉత్తరాన సఫేద్‌లో ప్రత్యేకంగా హంగేరియన్ మాట్లాడే యూదుల మ్యూజియం ఉంది, ఆ భాష తెలిసినవాళ్లు ఉండే చోటు. నేనైతే రెండిటితోనూ మాట్లాడమంటాను. ఇచ్చేటప్పుడు కుటుంబానికి స్కాన్ కాపీలు అడగాలి, ఎవరు చూడొచ్చు అన్నది కాగితం మీద రాయించుకోవాలి. సంతకం సవ్తాది, కొడుకు పక్కన ఉండాలి. నువ్వు టీ ఇచ్చే మనిషిగా ఉంటే చాలు.

డబ్బా ఎవరికీ ఇవ్వకపోయినా చేయగలిగింది ఒకటి ఉంది. యాద్ వాషెమ్‌లో చనిపోయిన ఒక్కో మనిషి పేరిట ఒక్కో పేజీ నింపి పెడతారు, హీబ్రూలో ‘దఫ్ ఎద్’ అంటారు, సాక్ష్యపు పేజీ. పేరు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, చేసే పని, పోయిన చోటు. బంధువులో, తెలిసినవాళ్లో నింపి సంతకం పెట్టాలి. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో, ఈ పేజీల నుంచీ ఇతర రికార్డుల నుంచీ కలిపి 50 లక్షల దాకా పేర్లు పోగయ్యాయి. మిగతావాళ్ల పేరు తెలిసినవాళ్లు కూడా పోతున్నారు. పిన్నికి, నాన్నకు ఆ పేజీలు ఉన్నాయో లేదో ఇంటర్నెట్‌లో చూడొచ్చు. లేకపోతే కొడుకును ఒక శుక్రవారం మధ్యాహ్నం కూర్చోబెట్టు. నాజీల బాధితుల రికార్డులు దాచిన జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌లో కూడా పేరు కొట్టి వెతకమను. అక్కడ కోట్ల కొద్దీ పత్రాలున్నాయి, చూడటానికి డబ్బులు కట్టక్కర్లేదు.

ఆ కొడుకు మీద కోపం పెట్టుకోకు. అలాంటి ఇళ్లలో పెరిగిన పిల్లలు చాలామంది రాత్రిళ్లు తల్లి కేకలు విని పెరిగారు, పొద్దున్న అడిగితే ఏమీ లేదు పడుకో అనిపించుకున్నారు. అరవై ఏళ్లు ఆ డబ్బాను చూసి భయపడ్డ మనిషికి ఇప్పుడు నువ్వు దాన్ని ఇష్టంగా తెరిచి చూపిస్తే చిరాకు పడతాడు. మనవల్ని పట్టుకో. అక్కడ పిల్లలకు పన్నెండు, పదమూడేళ్ల వయసులో స్కూల్లో ‘వేర్లు’ అని కుటుంబ చరిత్ర ప్రాజెక్టు ఇస్తారు. అలాంటి పిల్లో పిల్లాడో ఆ ఇంట్లో ఉంటే, షబ్బత్ నాడు వచ్చినప్పుడు నీ నోటుబుక్కు బల్ల మీద పెట్టి నీ పని చూసుకో.

ఇక చెత్త అన్నావే, బొత్తాం, మిఠాయి కాగితం. రింగెల్‌బ్లుమ్ బృందం పాతిపెట్టిన పెట్టెల్లో గంభీరమైన నివేదికలతోపాటు ట్రామ్ టికెట్లు ఉన్నాయి, రేషన్ కార్డులు ఉన్నాయి, మిఠాయిలు చుట్టిన కాగితాలు కూడా ఉన్నాయి. ఆకలితో జనం రోడ్ల మీద పడిపోతున్న ఊళ్లో, పట్టుబడితే ప్రాణం పోయే పనిలో, మిఠాయి కాగితానికి కూడా పెట్టెలో చోటిచ్చారు. కాబట్టి వాటిని చిన్న కాగితపు కవర్లలో వేసి, డబ్బాలో ఎక్కడ ఉన్నాయో అక్కడే పెట్టు. బొత్తాం ఎవరి కోటుదో ఒకసారి అడిగి చూడు. చెప్పకపోతే మళ్లీ అడగకు, నంబరు మాత్రం వెయ్యి.